మన్ననూరు బంగ్లాకు దర్వాజ

ఫారెస్టోళ్ల బంగ్లాల చెదలు పట్టిన దర్వాజ మార్చాలని
అచ్చంపేట నుంచి నన్ను పిలిచిండ్రు.
సంచిల ఉలి, బాడిశ, బర్మా, కొలత టేపు.
జేబుల చెవి మిషను, బ్యాటరీ అయిపోయింది.
ఇరవై రెండేండ్లు సామిల్లుల ఉన్న.
రంపం ముందు నా చెవులను కోసింది,
తర్వాత ఎడమ చిటికెన వేలు.

కట్టె ఏది సారు అంటే
బీటు ఆఫీసరు వాగు దిక్కు చెయ్యి చూపిండు.
ఎండి నిలవడ్డ నల్లమద్ది.
"సచ్చిన చెట్టే గద, కొట్టుకో."

వాచరు కుడుముల బయ్యన్న తోడు వచ్చిండు.
మేం పోయేసరికి చెట్టు కింద ఒక పిల్ల,
మెడల దుర్భిణి, తొడ మీద అట్ట,
నల్లగొండ పిల్లంట, పేరు నుస్రత్,
పిట్టల లెక్క రాస్తున్నది.
నా గొడ్డలిని చూసి
పెదవుల మీద వేలు పెట్టుకున్నది.

ఇద్దరూ తలలెత్తి ఏదో వింటున్నరు.
నాకు వినవడలే.
బయ్యన్న నా ఎడమ చెయ్యి పట్టి
మొసలి వీపు లాంటి ఆ బెరడు మీద బోర్లించిండు.

వచ్చింది.
నాలుగు దెబ్బలు, ఆగుడు, మళ్లా నాలుగు.
పొద్దుగాల్నే పని మొదలువెట్టిన మనిషి చేతి వాటం.
ఉలి ఎక్కడ దిగుతున్నదో
కట్టె నాకు చెప్పుడు
ఎన్నేండ్లకో.

అప్పుడు కనవడ్డది.
రెక్కల మీద మా ఔసుల మేనమామ పోసినట్టు బంగారు పూత,
మెడ ఎన్క సున్నం గీత, దాని పక్కలకు మసి,
చెంపల మీద నల్లటి మీసకట్టు.
తోకను మానుకు ఆనిచ్చి
ముక్కాలి పీట మీద కూసున్నట్టు కూసున్నది.
నెత్తిన పసుపు.
"పసుపుదైతే ఆడది, ఎర్రకుచ్చైతే మగడు,
రాత్రి గుడ్ల మీద కూసునేది వాడే" అన్నడు బయ్యన్న.
నాలుక పుర్రె చుట్టూ చుట్టుకొని ఉంటదని
నుస్రత్ అట్ట మీద రాసి చూపింది.
నా టేపును తీసి చూసుకున్న.

ఆమె ఫారంల ఉపజాతి అని ఒక గడి.
సముద్రం అవతల లంకల
దీని పాలోళ్లే ఉంటరంట, ఒళ్లు కొంచెం చిన్నదంట.
మాకు తెల్వదా, అన్న.
వడ్ల, కమ్మరి, ఔసుల, కంచరి, కాశె,
ఒక్క పుట్టుకకు ఐదు పనిముట్లు.
బయ్యన్న నవ్విండు.
"నా సర్టిఫికెట్ల సుత ఇసొంటి గడి ఉంది,
దాన్ని నింపనీకె మా నాయిన మూడుమాట్లు ఆఫీసుకు నడిచిండు."

పిట్ట ఎగిరినంక చెట్టెక్కిన.
తొర్ర మూతికి నాలుగు వేళ్లు పెట్టిన.
దారం లేదు, కంపాసు లేదు,
అంచున ఒక్క పెచ్చు లేవలే.
వాన లోపలికి జారకుంట కింది పెదవి
ఒక గింజంత వాలు.
ఆ వాలు నాకు రావడానికి
మా నాయిన చేతుల ఎన్ని దెబ్బలు తిన్ననో.
కింద వాగు ఇసుకల పొట్టు తెల్లగ పడి ఉన్నది.

పచ్చి చెట్టుల ఈ పని కాదు.
టేకు నాటిన వరుసలల్ల కాదు.
ఏగిస, చిరుమాను, తునికి కలిసి పెరిగినకాడ,
ఒకటి సచ్చి, పడకుంట నిలవడాలె.
ఇది బయ్యన్న మాట.
నేనైతే ఇన్నేండ్లు
నిలవడ్డ పీనుగలను చూసి అడుగులు లెక్కపెట్టిన,
ఎన్ని మంచాలు, ఎన్ని కిటికీలు.

ఫారంల రెండే గళ్లు, చూసిందా, విన్నదా.
"పెద్దాయనా, నీది ఏం రాయాలె?"
ఆమె పెదవులు చదివిన.
అరచెయ్యి చూపిన.
గడి లేదు.
మార్జిన్ల చిన్న చెయ్యి గీసింది, నాలుగు వేళ్లది.
నాదో, పిట్ట కాలో అడగలే.

గొడ్డలి దింపకనే బంగ్లాకు తిరిగొచ్చిన.
చెదలు తిన్న కింది జానెడు కోసి
పాత టేకు ముక్క అతుకు పెట్టిన.
సగం కూలే ఇచ్చిండ్రు.

వానకాలం ఆ దర్వాజ బండకు గీరుతదంట.
బీటు ఆఫీసరు ఫోన్ చేసి తిడ్తడు.
చెవి మిషను తీసి పక్కన పెట్టి
అంతా వింట.